పుచ్చకాయ మీద కేసు

కొండ క్యాంపు,
ఖమీస్ ముషైత్‌కి మూడు గంటల దూరం,
ఆగస్టు 11.

ప్రభాకర్ బావకు బామ్మర్ది మొండయ్య రాసేది.

నేను బతికే ఉన్నానని అక్కకు చెప్పు. ఇక్కడికి వచ్చిన రోజే గేటు దగ్గర మా ఫోన్లన్నీ డబ్బాలో వేయించుకున్నారు. సొరంగం కోసం కొండను మందు పెట్టి పేలుస్తారు, ఆ చుట్టుపక్కల ఫోను ఉండకూడదట. ఉన్నా ఒరిగేదేమీ లేదు, ఈ లోయలో సిగ్నల్ దొరకదు. అందుకే తాతల కాలంలోలాగా కాగితం పట్టుకున్నాను. ప్రతి ఆదివారం సరుకుల లారీ తెచ్చే ఫయాజ్ కడప మనిషి. ఉత్తరం నీ చేతికే ఇస్తానన్నాడు. జవాబు కూడా అతనికే ఇవ్వు.

కంపెనీ చైనా వాళ్లది. నేను సొరంగంలోకి పోను. క్యాంపులో నల్లాలు, పైపులు, ట్యాంకులు చూసుకోవడమే నా పని.

అసలు సంగతి ఏమిటంటే, క్యాంపులో గత్తర లేచింది. భయపడకు, చిన్న గత్తరే. పోయిన శనివారం మూడో నంబరు బ్యారక్‌లో ఆరుగురికి వాంతులు, నీళ్ల విరేచనాలు. ఇక్కడ డాక్టరు లేడు. మెడికల్ రూమ్ అని బోర్డు ఉంది, లోపల పెయింట్ డబ్బాలున్నాయి. కానీ మాకు షెన్ ఉన్నాడు. వెల్డింగ్ షాపు పెద్దమనిషి, అరవై దాటాయి. వాళ్ల నాన్న ఊళ్లో వైద్యుడట. ఆ నాన్న చేత్తో రాసిన పుస్తకాన్ని వెల్డింగ్ రాడ్ల పెట్టెలో దాచుకున్నాడు.

షెన్‌కి తెలుగు రాదు, నాకు చైనా రాదు. ఇద్దరికీ వచ్చింది క్యాంపు హిందీ, అందులో సగం అరబీ. నాకు అర్థమైనంత రాస్తున్నాను. మన కడుపులో తేటది, మడ్డిది అని రెండు రకాల సరుకు ఉంటుందట. తేటది పైకి పోవాలి, మడ్డిది కిందికి పోవాలి. మధ్యలో చలువ, చెమ్మ దూరితే రెండూ కలగాపులగమవుతాయి. మడ్డి పైకి తన్నుకొస్తుంది, తేట కిందికి కారిపోతుంది. ఈ రోగానికి వాళ్ల భాషలో పేరే ‘ఉన్నట్టుండి అంతా తారుమారు’ అట. అందులో మళ్లీ తడిది, పొడిది. తడిదైతే రెండు వైపులా పోతుంది, మనిషి మీద ఆశ ఉంటుంది. పొడిదైతే పైకీ రాదు, కిందికీ పోదు, మెలిపెట్టి చంపుతుంది.

షెన్ ముందు రోగి మొహం చూడడు, బకెట్ చూస్తాడు. కంపు కొట్టి, రోగికి దాహం మండిపోతుంటే వేడి రకం. బియ్యం కడుగు నీళ్లలాగా తెల్లగా ఉండి కాళ్లూ చేతులూ చల్లబడితే చలి రకం. చలి రకానికి వైద్యం చూడాలి బావా! మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి బొడ్డు నిండా ఉప్పు పోస్తాడు. దాని మీద అల్లం బిళ్ల పెట్టి, ఆపైన మన మాచిపత్రిలాంటి ఎండుటాకు ముద్ద చేసి వెలిగిస్తాడు. “బతన్ బారిద్, బతన్ బారిద్” అంటాడు, కడుపు చల్లబడిందని. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. బొడ్డు జరిగిందని వత్తి వెలిగించి చెంబు పెట్టేది కదా, అచ్చం అదే. మనదీ వాళ్లదీ ఒకే వైద్యమన్నమాట.

తాగే మందు కూడా ఉంది, వేలెడంత సీసాలో. ఏదో ఆకు రసమట, కానీ మూత తీస్తే సారా వాసన. మందు నిషేధమున్న ఈ సౌదీలో ఆ వాసన! ఆరుగురు రోగులు సాయంత్రానికి పదకొండు మందయ్యారు. అందులో ఐదుగురికి బకెట్ అవసరమే పడలేదు.

రోగం ఎందుకొచ్చిందంటే పుచ్చకాయ వల్ల. ఎండాకాలం చల్లటి పుచ్చకాయ తిని, ఏసీ గాలికి చొక్కా విప్పి పడుకుంటే చలువ లోపలికి పోతుంది. పుస్తకంలో అచ్చంగా అలాగే ఉందట. నీళ్ల వల్ల కాదు. నీళ్లు మంచివే. నువ్వు హాస్పిటల్లో తెల్లకోటు మనిషివి కదా, ఏమంటావో రాయి. పుచ్చకాయ వల్లనే కదా?

మొండయ్య


ఖమీస్ ముషైత్,
ఆగస్టు 17.

బొడ్డు వైద్య ప్రవీణ శ్రీ మొండయ్య గారి సముఖానికి,

తమరి ఉత్తరం అందింది. ఫోనులో మీ అక్కకు చదివి వినిపించాను. మొదట్లో ఏడ్చింది, బకెట్ దగ్గరికి వచ్చేసరికి నవ్వింది. చివరికి “వాని తెలివి చిన్నప్పటి సంది గంతే” అని ఫోను పెట్టేసింది.

మనుషులకు ఉప్పు పట్టించి పొగబెడుతున్నారన్నమాట. ఎండుచేపలు చేసే పద్ధతి కూడా అదే కదరా! వెల్డింగ్ చేసేవాడు వైద్యం చేస్తే అలాగే ఉంటుంది. ఎక్కడ చిల్లు కనిపిస్తే అక్కడ మంట పెడతాడు. రేపు నీకు తలనొప్పి వస్తే చెప్పులో కాలు పెట్టకుండా ఇక్కడికి పరిగెత్తుకురా, ఆయన చూస్తే ఏం వెలిగిస్తాడో తెలియదు.

కాస్త చదువుకున్నవాడి మాట విను. నువ్వు గత్తర అనేది కలరా, అది పురుగు. కంటికి కనిపించదు. అది నీళ్లలో ఉంటుంది, నీళ్లలోకి మనిషి దొడ్డిలోంచి వస్తుంది. పేగులో చేరి ఒంట్లో నీళ్లన్నీ తోడి బయట పోస్తుంది. తేట లేదు, మడ్డి లేదు, చలువ లేదు. పాపం పుచ్చకాయకు నోరు లేదు కాబట్టి కేసు దాని మీద పెట్టారు. మీ క్యాంపులో నోరున్నవాళ్లను ముందు అడగాల్సింది.

నేను ఇక్కడ ఊరికే లేను. రోజంతా తెల్లకోట్ల మధ్యే నా పని. డాక్టరమ్మ చీటీ రాసే ముందు ఒకసారి నా వైపు చూస్తుంది. ఆ హక్కుతో చెబుతున్నాను, ఆ ముసలాయన పెట్టెకు తాళం వెయ్యి. దీంతో ఒక అట్ట గోలీలు పంపుతున్నాను. రెండు వేస్తే నల్లా కట్టేసినట్టు ఆగిపోతుంది. ఇవి అందరికీ దొరికేవి కావు.

ఒక ప్రశ్న. ఆ క్యాంపులో మంచినీళ్ల ట్యాంకు ఎవరు నింపుతారు? నల్లాలు, పైపులు, ట్యాంకులు నీ పనే అని నువ్వే రాశావు కదా, అందుకని అడుగుతున్నాను.

మీ అక్క నీకోసం మామిడికాయ తొక్కు పంపింది. నేను సగం తిన్నాను.

ప్రభాకర్


కొండ క్యాంపు,
సెప్టెంబర్ 8.

తెల్లకోటు బావకు,

చచ్చి బతికాను. నీ గోలీల పుణ్యమే.

ఎప్పట్లాగే గురువారం నీళ్ల టాంకరు వస్తే ట్యాంకు నింపుకుని, చేతులు కడుక్కుని, అన్నం తిని పడుకున్నాను. శనివారం పొద్దున నాకూ మొదలైంది. షెన్‌ని పిలవలేదు. మా బావ హాస్పిటల్ మనిషి, ఆయన మందు ఉండగా బొడ్డులో ఉప్పెందుకని గొప్పగా రెండు గోలీలు మింగాను. నువ్వన్నట్టే నల్లా కట్టేసినట్టు ఆగింది. సాయంత్రానికి కడుపు డప్పులా ఉబ్బింది. లోపల ఎవరో బట్టలు పిండుతున్నట్టు మెలిక. బయటికి మాత్రం ఏమీ రాదు. షెన్ వచ్చి పొట్ట మీద వేలితో కొట్టి చూసి, నీ గోలీల అట్ట చూసి, చైనా భాషలో నిన్ను తిట్టాడు. అర్థం కాలేదు కానీ చాలాసేపు తిట్టాడు. తడిదాన్ని మేమే పొడిది చేసుకున్నామట.

నన్ను బోర్లా పడుకోబెట్టి, వీపుకు నూనె రాసి, చారు పోసే గరిటె అంచుతో మెడ నుంచి నడుము దాకా గీకాడు. నువ్వు ఎండుచేప అన్నావు కదా, పొలుసు తీసినట్టే ఉంది. వీపంతా ఎర్రటి చారలు తేలాయి. తర్వాత మోచేతి మడతలో సూదితో పొడిచి రెండు చుక్కల నల్లరక్తం తీశాడు. రాత్రికి కడుపు విడిచింది. ఆయన గీకినందుకు విడిచిందో, గోలీ జోరు తగ్గి విడిచిందో నాకు తెలియదు. నువ్వేమంటావో మాత్రం తెలుసు.

పిక్కలు పట్టేస్తే ఇవ్వడానికి ఇంకో కషాయం ఉందట. పట్టుపురుగు పెంటికలతో. నిజం బావా, పుస్తకంలో ఉంది. ఆ సరుకు ఇక్కడ దొరకదని షెన్ బాధపడ్డాడు. నేను బాధపడలేదు.

ఒక్కచోటే నాకూ ఆయనకూ చెడింది. నా గదిలో దేవన్న ఉంటాడు, నిర్మల్ వైపు మనిషి, సెంట్రింగ్ కొట్టే వడ్రంగి. ఈ మూడు రోజులూ నా బట్టలు ఉతికిందీ, బకెట్ పారబోసిందీ అతనే. ముక్కు మూసుకోలేదు, మొహం చిట్లించలేదు. ఆ దేవన్న ఉప్పేసి గంజి కాచి తెస్తే షెన్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఈ రోగంలో ఒక్క మెతుకు, ఒక్క గుక్క గంజి కూడా లోపలికి పోకూడదని వాళ్ల నాన్న ఎర్రసిరాతో రాశాడట. “గంజి తాగక సచ్చినోళ్లను సూసిన గని తాగి సచ్చినోన్ని సూడలే” అని దేవన్న గొణిగాడు. ఇంట్లో మా అమ్మ కూడా విరేచనాలప్పుడు నీళ్లు తాగనిచ్చేది కాదు, తాగితే మళ్లీ పోతాయని. అందుకే నేను షెన్ మాటే విన్నాను. నాలుక అట్టలా ఎండిపోయింది.

ఇప్పుడు నడుస్తున్నాను. పుచ్చకాయ మానేశాను. అందరినీ మానమన్నాను. ట్యాంకు గురించి అడిగావు. ట్యాంకు బాగానే ఉంది.

మొండయ్య


ఖమీస్ ముషైత్,
సెప్టెంబర్ 14.

మొండయ్యకు,

గోలీల సంగతి మా డాక్టరమ్మ అనమ్‌కి చెప్పాను. హైదరాబాద్ ఆమె, కోపమొస్తే ఉర్దూ, మరీ కోపమొస్తే తెలుగు. నాతో తెలుగులోనే మాట్లాడింది. “విషం బయటికి పోతుంటే తలుపు మూస్తవా? ఎవరిచ్చిండ్రు నీకా తెలివి?” అంది. మిగిలిన గోలీలు పారెయ్యి.

ఆమె చెప్పింది రాసుకో. ఈ రోగంలో మనిషిని చంపేది పురుగు కాదు, ఒంట్లో నీళ్లు అయిపోవడం. ఎన్ని పోతే అన్ని తాగించాలి. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు, లేకపోతే ఉప్పేసిన గంజి. అంటే మీ క్యాంపులో చైనా వైద్యుడి కంటే, నీ బావ కంటే నిర్మల్ వడ్రంగికే ఎక్కువ తెలుసన్నమాట. బొడ్డు మీద పోసే ఆ ఉప్పు నోట్లో పోస్తే ఎప్పుడో పనైపోయేది.

ఇక నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని మళ్లీ చదివాను. పుచ్చకాయ పేరు ఎన్నిసార్లు వచ్చిందో నేను లెక్కపెట్టలేను. నేను అడిగిన ట్యాంకు చివర్లో ఒక్కసారి, ‘బాగానే ఉంది’ అని. ఊళ్లో నువ్వు ఎవరి బర్రెనైనా పోగొట్టినప్పుడు ఇలాగే వాన గురించి మాట్లాడేవాడివి. ఆ ఆరుగురికీ శనివారమే. నీకూ శనివారమే. టాంకరు వచ్చేది గురువారం. మొండీ, గురువారం ఏం చేస్తున్నావురా?

జవాబు రాయకుండా పుచ్చకాయ గింజలు లెక్కపెట్టకు.

ప్రభాకర్


కొండ క్యాంపు,
సెప్టెంబర్ 27, శనివారం.

బావా,

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు చూసుకుని చదువు. ఈ కాగితం ఫయాజ్ తెస్తాడు, దేవన్న అతని లారీ వెనక పరుపు మీద ఉన్నాడు. ఫయాజ్ ఈ వారం సరుకు తొందరగా తేవడం దేవన్న అదృష్టం.

తెల్లవారుజామున మొదలైంది. పది గంటలకల్లా ఎన్నిసార్లో లెక్క తప్పింది. అచ్చం బియ్యం కడుగు. కళ్లు లోపలికి పోయాయి, గొంతు పోయింది. “మొండన్నా, పిక్కలు గుంజుతున్నయే” అని ఒక్కటే మాట, అదీ గుసగుసలాగా. షెన్ ఉప్పు డబ్బా పట్టుకుని వచ్చాడు. బకెట్ చూడలేదు, దేవన్న వేళ్లు చూశాడు. వేలి కొనలన్నీ రోజంతా నీళ్లలో నానినట్టు ముడతలు పడి, లోపలికి గుంటలు పడ్డాయి. షెన్ డబ్బా కింద పెట్టేశాడు. ఈ వేళ్లకు వాళ్ల దగ్గర వేరే పేరే ఉందట. వాళ్ల నాన్న ఈ వేళ్లున్న వాళ్లకు ఉప్పు కాల్చాడు, కషాయాలు పోశాడు, ఒక్కరూ లేవలేదట. “కితాబ్ ఖలాస్. ముస్తష్ఫా” అన్నాడు. పుస్తకం పని అయిపోయింది, ఆసుపత్రికి తీసుకుపొమ్మని.

క్యాంప్ బాస్ ఒప్పుకోలేదు. ఆసుపత్రికి పంపితే కాగితం పుడుతుంది, కాగితం పుడితే ఇన్‌స్పెక్షన్ వస్తుంది. రెండు రోజులు చూద్దామన్నాడు. షెన్ పోయి గేటు కడ్డీని వెల్డింగ్ కట్టర్‌తో కోసేశాడు. ఆ ముసలాయన్ను ఆపడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఫయాజ్ మాత్రం “ఎక్కీండప్పా, నిలబడి సూచ్చాండారేమి” అని లారీ స్టార్ట్ చేశాడు. బాస్ నన్ను గేటు దాటనివ్వలేదు. షెన్‌నీ అంతే. దారంతా చెంచాతో గంజి పొయ్యమని యాదగిరిని కూర్చోబెట్టాను, మా బ్యారక్ మనిషే. ఈసారి గంజికి షెన్ అడ్డు చెప్పలేదు. తల పక్కకు తిప్పుకున్నాడు.

నువ్వు అడిగినదానికి జవాబు. జూలైలో టాంకరు పైపు చినిగిపోయింది. సెప్టిక్ గుంత తోడే రబ్బరు పైపుంది కదా, దాన్ని రెండు బకెట్ల నీళ్లతో కడిగి మంచినీళ్ల ట్యాంకుకు పెట్టాను. ఒక్క వారమే అనుకున్నాను. కొత్త పైపు కావాలని బాస్‌ని రెండుసార్లు అడిగాను, ‘బాద్ మే’ అన్నాడు, తర్వాత చూద్దామని. మూడోసారి అడగలేదు. ప్రతి గురువారం అదే పైపు. నాకు తెలుసు బావా. మొదటి శనివారమే తెలుసు. షెన్ పుచ్చకాయ అనగానే ప్రాణం లేచొచ్చింది.

నీ మాట అక్కడ చెల్లుతుంది. నీ పేరు చెప్పి దేవన్నను లోపలికి తీసుకెళ్లు. ఆలస్యం చెయ్యకు.

మొండయ్య


ఖమీస్ ముషైత్,
సెప్టెంబర్ 30.

మొండీ,

దేవన్న బతికాడు. ఈ ఒక్క ముక్క ముందు చదువుకుని, కాసేపాగి మిగతాది చదువు.

నా మాట ఇక్కడ చెల్లుతుందన్నావు. ఎలా చెల్లిందో చెబుతాను. తెల్లకోట్ల మధ్య నా పని అని రాశాను, అది నిజమే. రోజుకు నూట ఇరవై కోట్లు ఉతుకుతాను. డాక్టరమ్మ చీటీ రాసే ముందు నా వైపు చూస్తుందన్నాను, అదీ నిజమే, బట్టల బండి అడ్డం తియ్యమని. నీకు పంపిన గోలీలు ఉతకడానికి వచ్చిన ఒక కోటు జేబులో దొరికాయి. అట్ట వెనక చదివి నీకు వైద్యం చెప్పాను. ఊరికి నేను పంపిన ఫోటోలో వేసుకున్న కోటు కూడా ఇస్త్రీ బల్ల మీదిదే. ఈ విషయం మీ అక్కకు కూడా తెలియదు.

లారీ వచ్చేసరికి డెస్క్ దగ్గర ‘ఇన్సూరెన్స్ కార్డు ఏది, కంపెనీ లెటరేది, నువ్వెవరు’ అన్నారు. దేవన్నను బట్టల బండిలో, మాసిన దుప్పట్ల మీద పడుకోబెట్టి సర్వీస్ లిఫ్టులో ఎక్కించాను. తిన్నగా డాక్టర్ అనమ్ ముందు ఆపాను. తిట్టడానికి నోరు తెరిచి, అతని వేళ్లు చూసి ఆగిపోయింది. రెండు చేతులకూ సెలైన్ పెట్టింది. నరం దొరకడానికి పది నిమిషాలు పట్టింది. “ఇంకో గంటైతే నా దగ్గరికి తెచ్చి లాభం లేకుండె” అంది. దారిలో గంజి పోసింది ఎవరని కూడా అడిగింది. పరీక్షలో కలరా అనే వచ్చింది.

ఇప్పుడు నా తప్పు విను. నీ కాగితం ఆమెకు చదివి వినిపించాను. పైపు దగ్గరికి వచ్చేసరికి దాటేశాను. “నీళ్లు ఎక్కడివి?” అని సూటిగా అడిగితే తెలియదన్నాను. నీ ఉద్యోగం కళ్ల ముందు కనిపించింది, మీ అక్క మొహం కనిపించింది. నిన్న మీ క్యాంపు నుంచే ఇంకో ఇద్దరిని తెచ్చారు. అప్పుడు చెప్పాను. రెండు రోజులు నోరు మూసుకున్నందుకు ఇద్దరు. నిన్ను ఎగతాళి చేసిన నోరే అది.

ఈ రోగం వస్తే సర్కారుకు రాసి తీరాలట. గురువారం ఆఫీసర్లు మీ క్యాంపుకు వస్తారు, అందుకే ఆదివారం దాకా ఆగకుండా ఫయాజ్‌ను బతిమాలి ఈ కాగితం ముందే పంపుతున్నాను. వాళ్లు కనిపెట్టకముందే నువ్వే చెప్పు. ఇది నేను ఎగతాళిగా రాయడం లేదు.

ఇంకొకటి, రాయకుండా ఉండలేను. దేవన్నకు మాట వచ్చింది. వచ్చినప్పటి నుంచి వార్డులో అందరికీ ఒకటే చెబుతున్నాడు. “మా మొండన్న గంజి పోపిచ్చి పంపిండు, గందుకే బతికిన. సొంత అన్న కూడా గట్ల చెయ్యడు” అని. నేను తల ఊపి వచ్చేశాను.

ప్రభాకర్


కొండ క్యాంపు,
అక్టోబర్ 4.

బావా,

నువ్వు కోట్లు ఉతుకుతావని తెలిసి నాకు నవ్వు రాలేదు. నా పైపు కంటే నీ ఇస్త్రీ బల్ల చాలా శుభ్రం.

బుధవారం సాయంత్రం బాస్ నన్నూ షెన్‌నూ ఆఫీసుకు పిలిచాడు. బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది, మూడు భాషల్లో, కంపెనీ ముద్రతో. అందులో ఏముందో తెలుసా? కార్మికులు చల్లటి పుచ్చకాయ అతిగా తిని, ఏసీ గాలికి ఒంటి మీద బట్ట లేకుండా పడుకున్నందున కడుపు చల్లబడి అస్వస్థత కలిగిందట. ఆర్నెల్లుగా షెన్ పుస్తకాన్ని చెత్త అన్నవాడు, సామాను లిస్టులో దాన్ని ‘పాత కాగితాలు’ అని రాయించినవాడు, ఆ రోజు ‘మన చైనా ప్రాచీన శాస్త్రం’ అన్నాడు. శాస్త్రం తెలిసినవాడిగా షెన్ సంతకం పెట్టాలి. ట్యాంకూ పైపూ శుభ్రంగా ఉన్నాయని ప్లంబర్‌గా నేను పెట్టాలి. పెడితే వచ్చే నెల మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌ని. పెట్టకపోతే ఎగ్జిట్ వీసా, ఇంటికి పంపేస్తారు. పైపు సంగతి అతనికీ తెలుసు, అందుకే నా కళ్లలోకి చూడలేదు.

పెన్ను పట్టుకున్నాను బావా. నీ దగ్గర అబద్ధమెందుకు, పట్టుకున్నాను. నెలకు పెరిగే జీతం కూడా మనసులో అనుకున్నాను.

షెన్ తన పుస్తకం తీసి ఒక పేజీ తెరిచి వేలు పెట్టాడు. ఒక్కో మాటకూ హిందీ వెతుక్కుంటూ చదివాడు. గత్తర వచ్చిన ఏడాది ముందు బావులు కడగాలి, కాలవల్లో పూడిక తీయాలి, జనం మురికినీళ్లు తాగకుండా చూడాలి, మందు సంగతి ఆ తర్వాత. అదీ వాళ్ల నాన్న చేతిరాతే. నాకు ఒళ్లు మండింది. “యే పహ్లే క్యూ నహీ బోలా?” అని అరిచాను, ముందే ఎందుకు చెప్పలేదని. షెన్ కోపంగా అనలేదు, నెమ్మదిగానే అన్నాడు. “మై బోలా. తుమ్ బోలా, తర్బూజ్ వాలా పేజీ ఫిర్ పఢో.”

నిజమే. ఆగస్టులోనే చెప్పాడు. పుచ్చకాయ పేజీ మళ్లీ చదవమని అడిగింది నేనే. మూడుసార్లు చదివించుకున్నాను. ఆయన వైద్యంలో తప్పులున్నాయి, ఉప్పు దగ్గరా గంజి దగ్గరా ఆయనే ఒప్పుకున్నాడు. కానీ పుస్తకంలో నాకు పనికొచ్చే సగమే విని, మిగతా సగం మూయించింది నేను. దాన్నే బాస్ కంపెనీ ముద్ర వేసి నా ముందు పెట్టాడు.

పెన్ను బల్ల మీద పెట్టి బయటికొచ్చాను. పెద్ద పానా తీసుకుని మంచినీళ్ల ట్యాంకు కింది వాల్వు పూర్తిగా తిప్పేశాను. నీళ్లన్నీ కొండ కిందికి పోతుంటే బ్యారక్‌ల నుంచి జనం పరిగెత్తుకొచ్చారు. “ఏందే మొండన్నా, పిస లేసిందా? తాగే నీళ్లు పారబోస్తున్నవ్!” అని కాలర్ పట్టుకున్నారు. అందరి ముందు చెప్పాను. ఏ పైపు, ఎప్పటి నుంచి, ఎన్ని గురువారాలు, అంతా. ఒకడు ఉమ్మేశాడు. కొట్టలేదు. కొడితే బాగుండేదనిపించింది. మర్నాడు ఆఫీసర్లకు కూడా అదే చెప్పాను, నా హిందీని ఒక సూడాన్ డ్రైవర్ అరబీలో అందించాడు. ఆఫీసర్లు పైపును సంచిలో కట్టుకుని పోయారు. బాస్ ఇచ్చిన కాగితాన్ని కూడా తీసుకున్నారు. అది చదివి ఒకాయన నవ్వాడు, రెండో ఆయన నవ్వలేదు.

ఈ రోజు ఎగ్జిట్ లిస్టు వచ్చింది. మొదటి పేరు నాది. రెండోది షెన్‌ది, గేటు కోసినందుకు. ఈ శనివారం క్యాంపులో ఎవరికీ ఏమీ కాలేదు.

రేపు ఫయాజ్ లారీలో వస్తున్నాను, ఎదురుగా ఇవన్నీ చెప్పలేక రాసి ఈ కాగితం నేనే తెస్తున్నాను. టికెట్ వారం తర్వాత, అంతవరకు నీ గదిలో ఉంటాను. అక్కకు మనిద్దరి సంగతీ ఒకేసారి చెబుదాం, తిట్లు సగం సగం పంచుకోవచ్చు.

ఒకటి మాత్రం అడుగుతున్నాను. దేవన్న నా పేరు చెప్పి పొగుడుతుంటే పొగడనీ, నువ్వు నోరు విప్పకు. జాలిపడి చెప్పకు, కోపంతోనూ చెప్పకు. నా బకెట్ పారబోసిన మనిషికి ఆ పైపు పెట్టింది నేనేనని నా నోటి నుంచే వినపడాలి. కానీ సెలైన్ సూదులతో పడుకున్నవాడికి చెప్పి తప్పించుకోవడం కూడా నాకిష్టం లేదు. లేచి కూర్చోవాలి, కడుపునిండా తినాలి, నన్ను కొట్టేంత బలం రావాలి. అప్పుడు చెబుతాను. అందాకా అతని మంచం పక్కన కూర్చుంటాను.

మొండయ్య